టైలర్ కొడుకు, జీపు మీద గన్ను

పేదింట్లో పుట్టి పరమవీర చక్ర దాకా వెళ్ళిన సైనికుడి గురించి చెప్పమని అడిగారు కదా, నాకు ముందు గుర్తొచ్చేది అబ్దుల్ హమీద్ గారే. మా నాన్న టెక్కలి దగ్గర పల్లెటూళ్ళో టైలర్, హమీద్ గారి నాన్న కూడా టైలరే. ఉత్తరప్రదేశ్‌లో ఘాజీపూర్ జిల్లా ధాముపూర్ వాళ్ళది, 1933లో పుట్టారు, నాన్నతో పాటు కుట్టుపని చేసుకుంటూ పెరిగి 1954లో ఆర్మీలో చేరి గ్రెనేడియర్స్ రెజిమెంట్ 4వ బెటాలియన్‌కి వెళ్ళారు.

చాలామంది ఆయన గురించి ప్రాణాలకి తెగించాడు అని చెప్పి ఊరుకుంటారు. నేను పదిహేడేళ్ళు ఇన్‌ఫాంట్రీలో చేసొచ్చాను, నాకు ఆ మాట చాలదనిపిస్తుంది. ఆయన ముందు పనిమంతుడండీ. 1965 యుద్ధం నాటికి ఆయన కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్, అంటే రేషన్లు, బట్టలు, సామాను చూసుకునే పోస్టు, కానీ అంతకుముందు ఏళ్ళ తరబడి యాంటీ ట్యాంక్ గన్ మీద చేయి తిరిగిన మనిషి, అందుకే యుద్ధం రాగానే మళ్ళీ గన్ దగ్గరికే వెళ్ళారు.

అది 106 ఎంఎం రికాయిల్‌లెస్ గన్, ఓపెన్ జీపు మీద బిగిస్తారు. గుండు ముందుకి పోతుంటే మంట, గ్యాస్ వెనక్కి తన్నుతాయి, దాంతో వెనక దుమ్ము మేఘంలా లేస్తుంది. నేను ట్రైనింగ్‌లో అదే రకం 84 ఎంఎం పేల్చాను, మొదటిసారి పేల్చి సంబరపడుతుంటే మా ఉస్తాద్ ఆ దుమ్ము చూపించి, నువ్వెక్కడున్నావో అవతలోడికి తెలిసిపోయింది, లే, జాగా మార్చు అని అరిచాడు. హమీద్ గారి సంగతి నాకు నిజంగా అర్థమైంది ఆ రోజే.

సెప్టెంబర్ 10 పొద్దున పంజాబ్ సరిహద్దులో ఖేమ్‌కరణ్ సెక్టార్‌లో చీమా ఊరి ముందు పాకిస్తాన్ ట్యాంకులు మనవాళ్ళ ముందు వరసలోకి చొచ్చుకొచ్చేశాయి. ఈయన జీపు పక్కకి తిప్పి అన్నిటికన్నా ముందొస్తున్న ట్యాంకుని కొట్టారు, వెంటనే జాగా మార్చి ఇంకోటి తగలబెట్టారు. అప్పటికి శత్రువులు ఆయన్ని కనిపెట్టేశారు, అందరూ ఆ జీపు మీదే కాల్పులు పెట్టారు. ఇనుప రేకు కూడా అడ్డం లేదు. అయినా ఇంకో ట్యాంకుకి గురిపెట్టి పేలుస్తూ ఉండగానే షెల్ తగిలి పోయారు. 32 ఏళ్ళు. 1966 జనవరి 26న మెడల్ ఆయన భార్య రసూలన్ బీబీ గారు అందుకున్నారు.

ఫిరోజ్‌పూర్‌లో పోస్టింగ్ ఉన్నప్పుడు ఒక ఆదివారం ఆ పోరు జరిగిన చోటే ఉన్న అసల్ ఉత్తర్ ఊరికి వెళ్ళి ఆయన సమాధి చూశాను. చుట్టూ మామూలు పొలాలే, అక్కడ చాలాసేపు నిలబడిపోయాను. ఫొటో తీసి ఇంటికి పంపిస్తే నాన్న ప్రింట్ తీయించి మిషన్ పక్కన గోడకి అంటించారు, ఇప్పటికీ జాకెట్లు కుట్టించుకోడానికి వచ్చినవాళ్ళు ఎవరిది బాబాయ్ అంటే, టైలర్ కొడుకమ్మా, ట్యాంకులు పేల్చినాడు అని పని ఆపి మరీ చెప్తారు.