ఆ దెబ్బను దాచకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన వ్యాసం చేరి పది రోజులైంది. జవాబు ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకు. మొదటిసారి మామూలుగా చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగైంది.

రమణ మహర్షి మీద రాయాలని నీకు అనిపించినందుకు సంతోషం. అందులోనూ ఆత్మవిచారణ జోలికి పోకుండా, 1924 జూన్ 26 రాత్రి అరుణాచలంలోని ఆశ్రమంలో దొంగలు పడిన సంగతి ఒక్కటే తీసుకోవడం నాకు బాగా నచ్చింది. మహాత్ముల గురించి రాయమంటే పుట్టుక నుంచి సమాధి దాకా ఏకరువు పెట్టేవాళ్ళే ఎక్కువ. ఒక్క రాత్రి దగ్గర ఆగాలంటే ఓపిక ఉండాలి. నీకు ఉంది.

కానీ మూడో పేజీలో ఒక వాక్యం దగ్గర నా పెన్సిల్ ఆగిపోయింది. దుండగుల దెబ్బ ఆ దివ్యదేహాన్ని బాధించలేకపోయింది అని రాశావు.

దెబ్బ తగిలింది నాయనా. ఎడమ తొడ మీద గట్టిగానే తగిలింది. వాత తేలింది. ఆ వాత కళ్ళపడ్డాకే కదా అక్కడి భక్తుడు రామకృష్ణస్వామికి ఒళ్ళు మండి ఇనుప కడ్డీ అందుకున్నాడు! నువ్వు భక్తితోనే ఆ మాట రాశావని నాకు తెలుసు, నీ భక్తికి నేను వంక పెట్టను. అయితే ఒక్కటి ఆలోచించు. నొప్పే తెలియని మనిషి ఎదుటివాణ్ణి ఏమని క్షమిస్తాడు? బండరాయి కూడా ఎన్ని దెబ్బలైనా ఓర్చుకుంటుంది, దాన్ని ఎవరూ మెచ్చుకోరు. నువ్వు ఆ వాతను తుడిచేసినప్పుడే, మనం ఎందుకు ఆయనకి దణ్ణం పెడుతున్నామో ఆ కారణం కూడా తుడిచిపెట్టుకుపోయింది.

ఆ రాత్రిని నాతోపాటు ఇంకోసారి నెమ్మదిగా చూడు.

సమయం పదకొండున్నర. మహర్షి తల్లి సమాధి దగ్గర ఆశ్రమం వెలిసి అప్పటికి రెండేళ్ళు కూడా కాలేదు, పైన గడ్డి కప్పే. భగవాన్, అంటే మహర్షి, హాల్లో అరుగు మీద ఉన్నారు. కిటికీల దగ్గర నేల మీద నలుగురు భక్తులు పడుకుని ఉన్నారు. బయట ఏవో మాటలు వినిపించి వాళ్ళలో ఒకడైన కుంజుస్వామి "ఎవరది?" అని కేకేశాడు. జవాబుగా కిటికీ పగిలింది. ఇక్కడ తీసుకెళ్ళడానికి పెద్దగా ఏమీ లేదు, కావాలంటే లోపలికి వచ్చి ఉన్నది తీసుకోండి అన్నారు భగవాన్. వాళ్ళు నమ్మలేదు. ఎవరు మాత్రం నమ్ముతారు? తుపాకులున్నాయని భయపెట్టడానికి టపాకాయ పేల్చారు. కప్పుకి నిప్పు పెడతామన్నారు. ఆ పని చేయకండి, మేమే బయటికి వచ్చేస్తాం, హాలు మీరే చూసుకోండి అన్నారాయన.

ఇక్కడే నువ్వు వదిలేసిన సంగతి ఒకటుంది. ఆశ్రమంలో రెండు కుక్కలుండేవి. తలుపు తీసినప్పుడు అవి బయటికి దూకితే దొంగలు బాదారు. జాక్ పారిపోయింది, కరుప్పన్ మళ్ళీ లోపలికే వచ్చి నక్కింది. బయటికి అడుగుపెట్టబోయే ముందు భగవాన్ చేసిన పని, ఆ కరుప్పన్ని భద్రమైన చోటికి చేర్చమని రామకృష్ణస్వామికి చెప్పడం. దాన్ని మళ్ళీ కొడతారేమోనని ఆయన బెంగ. అది దాటాక తాను లేచి, గుమ్మంలో కర్రలు పట్టుకుని నిలబడ్డవాళ్ళ మధ్య నుంచి నడిచారు.

ఆయన ధైర్యం చెప్పడానికి నువ్వు "హిమవత్పర్వతంలా చలించలేదు" అన్నావు. ఆ పర్వతాన్ని తీసేయ్. కుక్కని పెట్టు. ప్రాణభయంతో వణికేవాడికి కుక్క గుర్తుకు రాదు, ఆ సంగతి పాఠకుడికి నువ్వు విడమరిచి చెప్పక్కర్లేదు.

దెబ్బ పడ్డాక ఆయన అన్న మాట నువ్వు రాశావు. తనివి తీరకపోతే రెండో కాలి మీద కూడా కొట్టండి అన్నారని. బాగుంది. కానీ దాని తర్వాత రెండు పేరాల వ్యాఖ్యానం ఎందుకు? దాన్ని అలా వదిలేసి ముందుకు వెళ్ళు, ముందర ఇంకా గొప్ప దృశ్యం ఉంది. ఉత్తరం వైపు పాకలో వీళ్ళంతా కూర్చున్నారు. కదిలితే తలలు పగలగొడతామని దొంగలు అరిచారు. ఒకడు వచ్చి లాంతరు కావాలన్నాడు. భగవాన్ చెప్పగా రామకృష్ణస్వామి వెలిగించిన దీపాన్నే వాడి చేతికిచ్చాడు. తమను కొట్టి, తమ గూటినే దోచుకుంటున్నవాడికి వెలుగు చూపించడం! నీ వ్యాసంలో ఈ లాంతరు అర వాక్యంలో అయిపోయింది. నేనైతే ఒక పేజీ అక్కడే కూర్చుంటాను. ఇచ్చిన చేతికి ఎలా ఉండి ఉంటుందో, పుచ్చుకున్నవాడు ఎటు చూసి ఉంటాడో. అది మనకి ఎవరూ చెప్పలేదు, కల్పించి రాయమనీ అనను. కానీ ఆ ప్రశ్న పాఠకుడికి తట్టేంత సేపయినా దీపం దగ్గర నిలబడనివ్వు.

తర్వాత ఒకడు బీరువా తాళంచెవి అడిగాడు. అది కుంజుస్వామి దగ్గర ఉండిపోయింది, ఆయన సాయం కోసం ఊళ్ళోకి వెళ్ళాడు. బీరువాలు పగలగొడితే దొరికినవి విగ్రహాలకి అలంకరించే పల్చటి వెండి రేకులు, కొన్ని మామిడిపళ్ళు, కాస్త బియ్యం. అన్నీ కలిపి పది రూపాయలు. యాత్రికుడిగా వచ్చిన తంగవేలు పిళ్ళై దగ్గర ఆరు రూపాయలు. మొత్తం పదహారు. ఈ లెక్కని నువ్వు "స్వల్ప ధనం" అన్నావు. మామిడిపళ్ళని మామిడిపళ్ళనే రాయి.

ఇక ఆ శ్లేష సంగతి. దెబ్బలకి మందు రాయించుకోమని భగవాన్ రామకృష్ణస్వామికి చెబితే, మరి స్వామికో అని అతను అడిగాడు. భగవాన్ నవ్వి, నాకూ పూజ జరిగింది అన్నారు. ఈ చమత్కారం తమిళంలోది, అక్కడ పూసై అంటే పూజా, దెబ్బలూ రెండూ. నువ్వు ఏడు వాక్యాలు పెట్టి వివరించావు. మనకి బడితెపూజ అనే మాట ఉండగా ఆ అవస్థ దేనికి? తెలుగువాడికి ఇట్టే అందుతుంది. పైగా ఆ నవ్వు ముఖ్యం. దెబ్బ తిన్న మనిషి ఆ దెబ్బ గురించి నిమిషాల్లో నవ్వగలిగారంటే మనసులో ఎక్కడా అది ముడిపడలేదన్నమాట.

రామకృష్ణస్వామికి మాత్రం ముడిపడింది. అతన్ని నువ్వు "అజ్ఞానవశాన" కోపం తెచ్చుకున్నవాడిగా చూపించావు. తొందరపడ్డావు. ఆ పాకలో నువ్వూ నేనూ ఉంటే మనం అతనే. కన్నతండ్రిలాంటి మనిషి తొడ మీద వాత చూసి చేయి కడ్డీ మీదకి వెళ్ళకపోతే అదేం ప్రేమ? భగవాన్ కూడా అతన్ని చిన్నబుచ్చలేదు. మనం సాధువులం, మన ధర్మం మనం వదులుకోకూడదన్నారు. నువ్వు వెళ్ళి కొడితే ఎవరైనా చావచ్చు, అప్పుడు లోకం వాళ్ళని కాదు, మనల్ని తప్పుపడుతుంది, ఆ తప్పుపట్టడంలో న్యాయం కూడా ఉంటుందన్నారు. పళ్ళు నాలుకని కరిస్తే పళ్ళు రాలగొట్టుకుంటామా అని అడిగారు. చూశావా, కోపంతో ఊగిపోతున్నవాడికి వేదాంతం చెప్పలేదు. తింటూ నాలుక కరుచుకున్న ప్రతివాడికీ తెలిసిన మాట చెప్పారు.

నీకు నా సొంత విషయం ఒకటి చెబుతాను. ముప్పై దాటిన కొత్తలో నా కథనొకదాన్ని ఒకాయన కొద్దిగా మార్చి తన పేరుతో అచ్చువేయించుకున్నాడు. మిత్రులు అడిగితే "పోనీలెండి, క్షమించేశాను" అన్నాను. అందరూ నాది పెద్ద మనసన్నారు. అసలు సంగతి వేరు. ఆయన పలుకుబడి ఉన్న మనిషి, ఆయనతో పెట్టుకుంటే నా రాతలు ఇక వెలుగు చూడవని భయం. పగలు క్షమించినట్టు తిరిగేవాణ్ణి, రాత్రి టెన్షన్‌తో నిద్రపట్టేది కాదు. ఆయన పేరు ఎక్కడ కనిపించినా కడుపు మండేది. ఎనిమిదేళ్ళ తర్వాత ఒక ఉదయం ఆయన ఇంటికి వెళ్ళి, ఎదురుగా కూర్చుని, అది నా కథండీ అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. కాఫీ ఇప్పించారు. తాగాను. మెట్లు దిగి రోడ్డు మీదకి వచ్చాక గమనించాను, ఆ మంట లేదు. ఆ తర్వాతే, కొన్ని నెలలు పట్టింది, ఆయన మీద నాకు నిజంగా కోపం పోయింది. అంతకుముందు ఎనిమిదేళ్ళూ నేను క్షమ అని పిలుచుకున్నది ఉత్త పిరికితనం.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, నీ వ్యాసం చదివిన కుర్రవాడు ఎవడైనా నోరు మూసుకుని పడి ఉండటమే క్షమ అనుకునే ప్రమాదముంది. భగవాన్ జీవితంలోనే దానికి జవాబుంది. ఆయన కొండ మీద ఉంటున్న రోజుల్లో, ఆయన దగ్గరికి జనం వస్తున్నారని అసూయపడ్డ ఒక ముసలి సాధువు ఆయన కూర్చునే చోటికి పై నుంచి రాళ్ళు దొర్లించేవాడు. భగవాన్ ఏం చేశారు? చప్పుడు కాకుండా కొండెక్కి వెళ్ళి అతన్ని పని మధ్యలో పట్టుకున్నారు. అతను తమాషాకి చేశానన్నట్టు నవ్వేశాడు. అక్కడితో సరి. పట్టుకోవడం ఉంది, పగ లేదు. ఈ సంగతిని దొంగల రాత్రికి ముందు ఎక్కడో ఒకచోట చేర్చు.

మదురై సంగతికి రెండు పేజీలు ఇచ్చావు, అది అయిదారు వాక్యాల్లో చాలు. 1896లో, పదహారేళ్ళ వయసులో, పినతండ్రి ఇంట్లో చావు భయం ముంచుకొస్తే పారిపోకుండా పడుకుని, చనిపోయేది ఏమిటో చూద్దామని తనలోకి తాను చూసుకున్నారు. ఆ సెప్టెంబరు 1న అరుణాచలం చేరి, 1950 ఏప్రిల్ 14న దేహం చాలించేదాకా ఆ చోటు వదల్లేదు. దొంగలు కర్రలెత్తేనాటికి ఆ భయం తేలిపోయి ఇరవై ఎనిమిదేళ్ళయిందని తెలిస్తే పాఠకుడికి సరిపోతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కందిరీగల సంగతి. అది నీ వ్యాసంలో లేనేలేదు. ఒకసారి కొండ మీద నడుస్తుంటే ఆయన తొడ ఒక పొదకి రాసుకుని అందులోని కందిరీగల పట్టు కదిలింది. అవి రేగి ఆ కాలినే చుట్టుముట్టాయి. తప్పు చేసింది ఈ కాలే కదా, అనుభవించనీ అని ఆయన కదలకుండా నిలబడ్డారు. అవి కుట్టి కుట్టి వెళ్ళిపోయేదాకా. చాలా ఏళ్ళకి ఆయన భక్తుడైన తమిళ కవి మురుగనార్ ఇది అడిగారు. కావాలని చేసింది కాదు కదా, దానికి మీరు ఎందుకు నొచ్చుకోవాలి అని. తెలియక జరిగినదే అయినా, కనీసం నొచ్చుకోకపోతే ఆ మనసు ఎలాంటిదవుతుంది అన్నట్టుగా భగవాన్ పద్యంలో జవాబు చెప్పారు.

ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడు. కావాలని కొట్టినవాళ్ళని దారితప్పినవాళ్ళన్నారు. తనకి తెలియకుండా జరిగినదానికి మాత్రం తన కాలిని వదిలిపెట్టలేదు. మనం సరిగ్గా దీనికి తలకిందులుగా బతుకుతాం. మన తప్పుకి వంద కారణాలు మన దగ్గరే ఉంటాయి, ఎదుటివాడి తప్పుకి ఒక్కటీ దొరకదు. ఈ విషయం గురించి నేను ఎన్నాళ్ళుగానో ఆలోచిస్తున్నాను, ఇంకా పూర్తిగా రాయలేకపోయాను. నువ్వు ప్రయత్నించు.

ముగింపు కూడా మార్చాలి. దొంగలు తిరిగొచ్చి ఆయన కాళ్ళ మీద పడి ఏడ్చారని రాశావు. ఎక్కడిది ఈ సంగతి? జరిగింది ఏమిటంటే, కొద్ది రోజుల్లో పోలీసులు వాళ్ళని పట్టుకున్నారు, సొత్తు కొంత దొరికింది, శిక్ష పడి జైలుకి వెళ్ళారు. అది నీకు చేదుగా ఉందని తీపి ముగింపు తెచ్చి అంటించకు. ఆ కొట్టినవాళ్ళు మారినా మారకపోయినా ఆయన క్షమలో తేడా లేదు. వాళ్ళ కన్నీళ్ళు వస్తేగానీ ఆ క్షమకి విలువ రాదన్నట్టు చేశావు నువ్వు.

భాష గురించి ఎక్కువ చెప్పను. సూరి నాగమ్మగారు ఆశ్రమంలో తన కళ్ళముందు జరిగినది తన అన్నగారికి ఉత్తరాలుగా రాశారు. ఇంట్లో మనిషికి చెబుతున్నట్టు, ఇలా కూర్చున్నారు, ఇలా అడిగారు, ఇలా నవ్వారు అని. నువ్వు కూడా నీ అక్కకో తమ్ముడికో రాస్తున్నాననుకో, సగం విశేషణాలు వాటంతటవే రాలిపోతాయి.

చివరగా ఒక కుర్రాడి సంగతి. దొంగలు వెళ్ళేసరికి రాత్రి రెండయింది. తర్వాత కుంజుస్వామి ఒక అధికారిని, ఇద్దరు కానిస్టేబుళ్ళని తీసుకొచ్చాడు. భగవాన్ అప్పటికీ ఆ పాకలోనే కూర్చుని భక్తులతో మామూలుగా మాట్లాడుతున్నారు. ఏం జరిగిందని అడిగితే, ఎవరో తెలివితక్కువవాళ్ళు జొరబడ్డారు, పడ్డ కష్టానికి తగ్గదేమీ దొరక్క ఉసూరుమంటూ పోయారు అన్నారు. దెబ్బ ఊసే లేదు. పోలీసులు అంతే రాసుకుని బయల్దేరారు. అప్పుడు మునిస్వామి, అక్కడ పూజ చేసే కుర్రాడు, వాళ్ళ వెనకాలే పరిగెత్తి, స్వామినీ మిగతావాళ్ళనీ కూడా కొట్టారని చెప్పాడు.

ఈ కుర్రాడు నీ వ్యాసంలో లేడు. ఈసారి వాడి పరుగుతో మొదలుపెట్టి చూడు. కుదరకపోతే వేరేలా రాద్దువుగాని, ముందు అలా ఒక పేజీ రాసి పంపు. ఈసారి జవాబుకి పది రోజులు తీసుకోను.

శుభాకాంక్షలతో,
నీ శ్రేయోభిలాషి