కొండదారికి నడకా, బైకా?

ప్రశ్న: మాది చిత్తూరు. నాకూ మావారికీ ఘాట్ రోడ్లంటే ప్రాణం. ఈసారి తిరుమలకి నడిచి ఎక్కాలా, బైకు మీద వెళ్ళాలా? బైకు మీద దిగాలంటే నాకు టెన్షన్.
– ఒక పాఠకురాలు

జవాబు: మోకాళ్ళు బాగుంటే నడిచే ఎక్కండమ్మా. శ్రీవారి మెట్టు దారి సుమారు 2 కిలోమీటర్లే కానీ 2388 మెట్లు, ఊపిరి తీసుకోనివ్వదు. అలిపిరి దారి 9 కిలోమీటర్ల దాకా ఉంటుంది, 3550 మెట్లు, గాలిగోపురం వరకు బాగా నిటారు, ఆ తర్వాత చాలా దూరం అడవి పక్కన దాదాపు చదునుగా సాగి, చివర్లో మోకాళ్ళ మెట్టు దగ్గర మళ్ళీ పరీక్ష పెడుతుంది. కొండని తనివితీరా చూసేది ఆ మధ్య దారిలోనే, అందుకే నా ఓటు అలిపిరికే.

బైకైతే 1974 నాటి రోడ్డులో ఎక్కి, 1944 నాటి పాత రోడ్డులో దిగాలి. దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదలొద్దని, ఇంజిన్ ఆపొద్దని మీవారికి గట్టిగా చెప్పండి. రెండో గేరులో ఉంచితే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకు అదేపనిగా నొక్కి ఉంచితే వేడెక్కి పట్టు తగ్గిపోతుంది. రాత్రిపూట బైకుల్ని ఆపేస్తారు, వేళలు మారుతుంటాయి, కనుక్కుని బయల్దేరండి. ముందుగా అలవాటు కావాలంటే మీకు దగ్గర్లోనే పలమనేరు దారిలో మొగిలి ఘాట్ ఉంది, కాకపోతే అక్కడ లారీలకి బాగా ఎడంగా వెళ్ళండి.