ఐఫోన్‌లో తీసిన సిరిమాను వీడియో టీవీలో రావట్లేదు, ఏ వెబ్‌సైట్‌లో మార్చుకోవాలి?

విజయనగరం సిరిమానోత్సవం ఐఫోన్‌లో తీశారు, ఫైలు 2 జీబీ ఉంది, పెన్‌డ్రైవ్‌లో వేసి ఇంటి టీవీకి పెడితే మాటలు వినబడుతున్నాయి గానీ బొమ్మ రావట్లేదు. ఆన్‌లైన్‌లో ఎంపీ4 చేసుకుందామని మీ ఆలోచన. ఇంత పెద్ద ఫైలుకి వెబ్‌సైట్ జోలికే పోవద్దంటాను.

చీపురుపల్లిలో మా పిన్ని ఇంట్లోనూ అచ్చం ఇదే జరిగింది. మనవడి అన్నప్రాసన వీడియో పెట్టుకుని కూర్చుంటే టీవీ నల్లగా ఉంది. "బొమ్మేదిరా, మాటలే ఇనిపిస్తన్నాయి" అని ఆవిడ. పెన్‌డ్రైవ్ పోయిందనుకున్నారంతా. పెన్‌డ్రైవ్ బాగానే ఉంది.

ఎంఓవీ, ఎంపీ4, ఎంకేవీ అనేవి క్యారేజీలు. లోపలి కూర, అంటే వీడియోని కుదించిన పద్ధతి వేరు: హెచ్.264 కావచ్చు, హెచ్.265 కావచ్చు. ఐఫోన్ 7, ఆ తర్వాతి మోడళ్లు 2017లో ఐఓఎస్ 11 వచ్చినప్పటి నుంచి మామూలుగా హెచ్.265లోనే రికార్డు చేస్తున్నాయి. దాన్నే హెచ్‌ఈవీసీ అంటారు. ఫోన్‌లో జాగా కలిసొస్తుంది, పాత టీవీలకి మాత్రం మింగుడుపడదు. సౌండ్ వచ్చి బొమ్మ రాలేదంటే దాదాపుగా ఇదే కారణం. ఫైలు పేరు చివర ఎంఓవీ తీసేసి ఎంపీ4 అని రాసినంత మాత్రాన లోపల ఏమీ మారదు. (బొమ్మ వచ్చి సౌండ్ రాకపోతే ఆడియో ఫార్మాట్‌ని అనుమానించాలి. అసలు ఫైలే కనబడకపోతే పెన్‌డ్రైవ్ ఏ పద్ధతిలో ఫార్మాట్ అయిందో చూడాలి. ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైలు అందులోకి ఎక్కనే ఎక్కదు.)

ఇక వెబ్‌సైట్ సంగతి. మీ నెట్ అప్‌లోడ్ 5 ఎంబీపీఎస్ అనుకుందాం, 2 జీబీ ఎక్కడానికే గంట దగ్గర పడుతుంది. మార్చాక మళ్లీ దింపుకోవాలి. మధ్యలో కరెంటు పోతే మొదటికొస్తుంది. చాలా సైట్లు ఉచితంగా ఇంత సైజు తీసుకోవు కూడా. పైగా ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు ఉన్న వీడియోని ఎవరిదో తెలియని సర్వర్‌కి పంపడం నాకు సుతరామూ నచ్చదు. వాట్సాప్‌లో వచ్చిన చిన్న క్లిప్ అయితే సరే, ఆన్‌లైన్‌లోనే కానిచ్చేయండి.

మీకు ల్యాప్‌టాప్ లేకపోతే తెలిసినవాళ్లది గంటసేపు అడగండి. అందులో వీడియోలు మార్చే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకోండి, ఉచితమే. ఫైలు లాగి వదిలి, 'ఫాస్ట్ 1080పీ30' ప్రీసెట్ (ముందే అమర్చి పెట్టిన సెట్టింగ్) ఎంచుకుని, వీడియో ఎన్‌కోడర్ దగ్గర పాత టీవీలకీ పడే హెచ్.264 ఉందో లేదో చూసి స్టార్ట్ నొక్కండి. పిన్ని వాళ్ల వీడియో మేం వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌తో చేశాం, మీడియా మెనూలో కన్వర్ట్ అని ఉంటుంది. పనైతే అయింది గానీ ఎంత శాతం పూర్తయిందో సరిగా తెలిసి చావదు, అందుకే ఇప్పుడు హ్యాండ్‌బ్రేక్ చెబుతున్నాను. మార్చిన ప్రతిసారీ క్వాలిటీ కొంచెం తగ్గుతుంది కాబట్టి ఒరిజినల్ తుడిచేయకండి.

ముందు ముందు ఈ గొడవే వద్దనుకుంటే ఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో ఫార్మాట్స్‌కి వెళ్లి 'మోస్ట్ కంపాటిబుల్' పెట్టుకోండి. ఫైళ్లు కాస్త బరువవుతాయి. మీది ఐఫోన్ 12 గానీ ఆ తర్వాతది గానీ అయితే హెచ్‌డీఆర్ వీడియో (వెలుగునీడలు, రంగులు ఎక్కువగా పట్టే పద్ధతి) కూడా ఆపేయండి, లేకపోతే మార్చాక రంగులు వెలిసిపోయినట్టు రావచ్చు.