ఆయన ఉద్యోగం ఎక్కడికైనా వస్తుంది, మరి మీది?

ప్రశ్న: మేం మ్యూనిక్ వచ్చి నాలుగున్నరేళ్లయింది. మావారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, బ్లూ కార్డు (పెద్ద చదువులున్న విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి) మీద ఉన్నాం. రెండేళ్లుగా ఆయన పూర్తిగా ఇంటి నుంచే పని చేస్తున్నారు. "ఎలాగూ ల్యాప్‌టాప్ ముందే కదా, స్పెయిన్‌లో వాలెన్సియా వెళ్లిపోదాం. ఎండ ఉంటుంది, సముద్రం ఉంటుంది, ఖర్చు తక్కువ" అని కొన్ని నెలలుగా ఒకటే పట్టు. నేను బీ2 (ధారాళంగా మాట్లాడగలిగే స్థాయి) దాకా జర్మన్ నేర్చుకుని ఈ మధ్యే ఒక కిండర్‌గార్టెన్‌లో పనికి చేరాను. పాపకు తొమ్మిదేళ్లు, మూడో క్లాసు. బాబుకు ఐదు. పాప "నన్నిక్కడే వదిలేసి మీరు వెళ్లండి" అని ఏడుస్తోంది. గుంటూరు నుంచి అత్తయ్యగారు "వాడు మీకోసమే కదా ఆలోచిస్తున్నది" అంటున్నారు. నేను స్వార్థంగా ఆలోచిస్తున్నానా?
- ఒక సోదరి, మ్యూనిక్

జవాబు: లేదమ్మా. మీరు వద్దంటున్న కారణాలన్నీ నిజమైనవే. అయితే ఆయన వెళ్దామంటున్న కారణం కూడా నిజమైనదే అయి ఉండొచ్చు. దాని గురించి తర్వాత చెబుతాను.

ఊరు మారితే ఆయన రోజులో మారేది చాలా తక్కువ. అదే టీమ్, అవే మీటింగులు, అదే జీతం. మారేదంతా మీ ముగ్గురికే. మీ ఉద్యోగం పోతుంది. రిమోట్ ఉద్యోగులకు స్పెయిన్ ఇచ్చే వీసాలో భార్యకు కూడా పని చేసే హక్కు ఉంది కానీ, చిన్నపిల్లలతో పనంటే స్పానిష్ కావాలి, మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. అందుకే ఈ నిర్ణయంలో మీ మాటకు ఆయన మాటకన్నా ఎక్కువ బరువుండాలని నా అభిప్రాయం. ఎవరి జీవితం ఎక్కువ కదులుతుందో వాళ్లే ఎక్కువ మాట్లాడాలి. అత్తయ్యగారితో వాదన వద్దు. "ఇద్దరం కూర్చుని మాట్లాడుకుంటున్నాం అత్తయ్యా" అంటే చాలు.

ఇక పాప. అది మొండితనం అనుకోవద్దు. పిల్లల రెండో భాషపై ఎంతో పని చేసిన జిమ్ కమ్మిన్స్ ఒక తేడా గుర్తించారు. ఆడుకోవడానికి, కబుర్లు చెప్పుకోవడానికి సరిపడే భాష ఏడాది రెండేళ్లలో వచ్చేస్తుంది. పాఠం అర్థం చేసుకుని తన మాటల్లో రాసే భాషకు మాత్రం ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. మీ పాప ఐదో ఏట అక్కడికి వచ్చింది. అంటే ఇన్నాళ్లూ పడిన కష్టానికి ఫలితం దక్కేది ఇప్పుడే. వాలెన్సియా బడుల్లో స్పానిష్‌తో పాటు అక్కడి ప్రాంతీయ భాష వాలెన్సియన్ కూడా ఉంటుంది. ఇంట్లో తెలుగు, వెనక జర్మన్, ముందు రెండు కొత్త భాషలు. బాబు సర్దుకుంటాడు, ఐదేళ్ల వయసులో అది మామూలే. తొమ్మిదేళ్ల పిల్లకు స్నేహాలుంటాయి, క్లాసులో తనకో పేరుంటుంది. అవి పోతాయని దానికి తెలుసు.

ఒకటి మాత్రం మీవారి వైపు నుంచి చెప్పాలి. మీరుండే బవేరియా రాష్ట్రంలో నాలుగో క్లాసు చివర్లోనే జర్మన్, లెక్కలు, పరిసరాల పాఠం, ఈ మూడింటి సగటు 2.33 లేదా అంతకన్నా మెరుగ్గా (అక్కడ 1 అన్నిటికన్నా మంచి మార్కు) ఉంటేనే నేరుగా గిమ్నాజియంలో, అంటే యూనివర్సిటీ చదువుకు దారితీసే హైస్కూల్లో, సీటు. వచ్చే ఏడాది ఆ టెన్షన్ మీ ఇంట్లోనూ ఉంటుంది. స్పెయిన్‌లో ప్రాథమిక బడి ఆరేళ్లు, పదేళ్ల వయసులో ఇలా వడపోత ఉండదు. ఆయన ఈ మాట అంటే అది మంచి వాదనే, ఒప్పుకోండి.

కాగితాల విషయం మీరిద్దరూ పూర్తిగా చూసినట్టు లేరు. జర్మనీ బ్లూ కార్డుతో స్పెయిన్‌లో 180 రోజుల్లో 90 రోజులు ఉండొచ్చు, అంతే. కాపురం పెట్టడానికి అక్కడి వీసా వేరే కావాలి. దానికి స్పెయిన్ కనీస వేతనానికి రెట్టింపు ఆదాయం చూపించాలి, భార్యకు ఆ వేతనంలో మరో 75 శాతం, ఒక్కో బిడ్డకు 25 శాతం కలపాలి. అది మీకు కష్టం కాకపోవచ్చు. అసలు చిక్కు ఆయన కంపెనీతో. మనిషి ఏ దేశంలో కూర్చుని పని చేస్తే సోషల్ సెక్యూరిటీ (పింఛను, ఆరోగ్య బీమా వంటివి) ఆ దేశానిదే, ఇది యూరోపియన్ యూనియన్ నియమం. 2023 జూలై నుంచి ఒక సడలింపు ఉంది కానీ, సొంతింటి నుంచి చేసే పని సగానికన్నా తక్కువైతేనే అది వర్తిస్తుంది. ఆయన పూర్తిగా అక్కడి నుంచే చేస్తే కంపెనీ స్పెయిన్‌లో నమోదై అక్కడ చందాలు కట్టాలి. ఆదాయపు పన్ను కూడా స్పెయిన్‌కు మారుతుంది. చాలా కంపెనీలు ఇందుకు ఒప్పుకోవు. మేనేజర్ నోటిమాటగా "ఓకే" అన్నది లెక్కలోకి రాదు, హెచ్‌ఆర్ నుంచి రాతపూర్వకంగా రావాలి. ఆ మెయిల్ వచ్చేదాకా ఇంట్లో ఈ గొడవే అనవసరం.

ఇంకా ముఖ్యమైనది మీ నాలుగున్నరేళ్ల లెక్క. ఐదేళ్లు నిండితే, పింఛను చందాలు, భాష వంటి మిగతా అర్హతలుంటే యూరోపియన్ యూనియన్ దీర్ఘకాల నివాస హక్కుకు దరఖాస్తు చేయొచ్చు. ఆ హక్కు ఉన్నవాళ్లు మరో సభ్య దేశంలో నివాసం అడగొచ్చు. స్పెయిన్‌కు వెళ్లినా జర్మనీ ఇచ్చిన హక్కు వెంటనే పోదు, అందుకు ఆరేళ్ల గడువుంది. జర్మన్ పౌరసత్వానికీ మామూలుగా ఐదేళ్లే. బ్లూ కార్డు అలా కాదు. దేశం బయట 12 నెలలు దాటితే చెల్లదు. ఇల్లు ఖాళీ చేసి పూర్తిగా వెళ్లిపోయినట్టయితే ఆ గడువు దాకా కూడా ఆగకపోవచ్చు. ఇప్పుడు కదిలితే గట్టు దగ్గరికొచ్చి వెనక్కి ఈదినట్టే. మీ నలుగురిలో ఎవరికి ఏ హక్కు ఎప్పుడొస్తుందో ఒక వలస చట్టాల లాయరుకు కాగితాలు చూపించి తెలుసుకోండి.

ఇప్పుడు మీవారి మనసు సంగతి. రెండేళ్లుగా ఒకే గది, ఒకే తెర. మీకు కిండర్‌గార్టెన్‌లో తోటివాళ్లున్నారు, పాపకు బడి ఉంది. పగలంతా ఎవరితోనూ ముఖాముఖి మాట్లాడని మనిషి ఆ ఇంట్లో ఆయనొక్కరే. మ్యూనిక్ నవంబరులో నాలుగున్నరకే చీకటి. ఆయనకు కావలసింది వాలెన్సియానా, ఆ గదిలోంచి బయటపడడమా? ఇది నిందలా కాకుండా ప్రేమగా అడగండి. "ఇక్కడ మీకు ఏం బాగోలేదో చెప్పండి, స్పెయిన్ మాట కాసేపు పక్కన పెడదాం" అనండి. తర్వాత మధ్యలో అడ్డుపడకుండా వినండి. వారంలో రెండు రోజులు కోవర్కింగ్ స్పేస్‌కు (నలుగురూ కూర్చుని పని చేసుకునే అద్దె ఆఫీసుకు) వెళ్లడం, సాయంత్రం ఏదో ఒక ఆట, తెలుగువాళ్లతో కలవడం, వీటితోనే ఆయనకు సగం ఊరట దొరికితే మీకే తెలుస్తుంది. దొరక్కపోతే ఆయన కోరికను ఇంకా గౌరవంగా చూడాల్సి ఉంటుంది.

చూసి రావాలనుకుంటే ఆగస్టులో వద్దు. ఫిబ్రవరి సెలవుల్లో వెళ్లండి, ఆయన లీవు పెట్టి రావాలి. బీచ్ పక్కన కాకుండా మామూలు జనం ఉండే వాడలో దిగండి. బడి, పిల్లల డాక్టరు, కూరగాయల కొట్టు చూడండి. అద్దెలు అడగండి, అక్కడా ఈ మధ్య బాగా పెరిగాయి. బడి ప్రవేశాల దరఖాస్తులు వసంతంలో మొదలవుతాయి, కాబట్టి చూసి రాకముందే తొందరపడనక్కర్లేదు.

పాపతో ఇద్దరూ కలిసే మాట్లాడండి. "ఇంకా ఏమీ నిర్ణయించలేదు, నిర్ణయించే ముందు నీకు చెబుతాం" అనండి, అది నిలబెట్టుకోండి. "నాన్నతో నువ్వే చెప్పవే" అని దాన్ని మధ్యవర్తిని చేయొద్దు. నిర్ణయం భారం తొమ్మిదేళ్ల పిల్ల మీద పడకూడదు. దాని దుఃఖం మాత్రం మీ లెక్కలో ఉండాలి. ఇద్దరి మధ్యా మాట పెగలకపోతే ఎర్‌ట్సీహుంగ్స్‌బెరాటుంగ్ (పిల్లల పెంపకం, కుటుంబ సలహా) కేంద్రాలున్నాయి, మీ పేటలోనే దొరుకుతాయి. పిల్లలున్న కుటుంబాలకు అక్కడ సలహా ఉచితం, చెప్పింది బయటకు పోదు. మీ జర్మన్ అందుకు చాలు. అపాయింట్‌మెంట్ మీరే తీసుకోండి, ఆయన్ని వెంట రమ్మనండి.