మొదటి కిలోమీటరు మాట నమ్మకండి

పరుగు గురించి పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నాకు నలభై దాటాయి. ఏడాదిన్నరగా పరిగెడుతున్నాను, పెద్ద రన్నర్ని ఏం కాదు. నన్ను ఈ పరుగులోకి లాక్కొచ్చిన స్నేహితుడు కిందటి ఏడాది జబ్బు చేసి పోయాడు. వాడి పేరు మీద మా రన్నింగ్ గ్రూపు వాళ్లూ, వాళ్లింట్లో వాళ్లూ కలిసి 10కె (పది కిలోమీటర్ల పరుగు) పెట్టారు. వచ్చిన డబ్బు అదే జబ్బుతో ఉన్న పేషెంట్లకి. గంటలోపు పూర్తి చేయాలని మూడు నెలలు ప్రాక్టీస్ చేశాను, ఒకసారి 62 నిమిషాల్లో చేశాను కూడా. తీరా ఆ రోజు అందరూ ఒక నిమిషం మౌనం పాటించారు, వాళ్లమ్మగారు జెండా ఊపారు, అంతే, నాకేం పట్టిందో తెలీదు, దూసుకుపోయాను. మొదటి కిలోమీటరు 4:55 (4 నిమిషాల 55 సెకన్లు), రెండోది 5:10. అస్సలు కష్టమనిపించలేదండీ. ఐదు కిలోమీటర్లు 28:50కి దాటాను కానీ అప్పటికే కాళ్లు నా మాట వినడం లేదు. ఆరో కిలోమీటరు నుంచి కాసేపు నడక, కాసేపు పరుగు. పైగా నా బిబ్ (ఛాతీకి పెట్టుకునే నంబరు కాగితం) మీద నా పేరు బదులు వాడి పేరు రాయించుకున్నాను, రోడ్డు పక్కన నిలబడ్డ తెలియనివాళ్లు అది చదివి, నేను నడుస్తుంటే వాడి పేరు పెట్టి పిలిచి "ఆగకు, పరిగెత్తు" అని అరుస్తున్నారు. అక్కడ ఏడుపు ఆగలేదు. చివరికి 1:08:40. ఫినిష్ లైన్ దగ్గర వాళ్లమ్మగారు నా చెయ్యి పట్టుకుని అడిగిన మొదటి మాట "టైమెంత వచ్చింది బాబూ" అని. ఆదివారం పరిగెత్తి ఇంటికెళ్లగానే వాడు ఆవిడకి టైమింగ్ చెప్పేవాడట. నేను "గంటకి కాస్త అటూ ఇటూ అమ్మా" అనేశాను. రెండు వారాలైంది, ఆ అబద్ధం ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ప్రాక్టీసులో చేసింది ఆ రోజెందుకు చేయలేకపోయాను? అసలు పోయినవాడి పేరు మీద పెట్టిన పరుగులో టైమింగ్ కోసం ఆశపడటమే తప్పా? - ఒక పాఠకుడు

జవాబు: ముందు కాళ్ల సంగతి చూద్దాం, అది తేలిక.

4:55 వేగంతో చివరిదాకా వెళ్తే 10కె 49 నిమిషాల్లో అయిపోవాలి. మీరు ప్రాక్టీసులో చేసింది 62. అంటే మీరు మొదటి కిలోమీటరు మీ పరుగు పరిగెత్తలేదు, ఇంకెవరిదో పరిగెత్తారు. మరి కష్టమెందుకు అనిపించలేదంటారా, అక్కడే ఉంది మోసమంతా. పరుగు మొదలైన రెండు మూడు నిమిషాల వరకు గుండె, ఊపిరితిత్తులు మీ వేగానికి సరిపడా ఆక్సిజన్ అందించే స్థాయికి రావు, ఈలోగా ఆ లోటుని కండరాలు తమ దగ్గరున్న నిల్వతోనే సర్దుకుంటాయి. కాబట్టి మొదట్లో కాస్త ఎక్కువ వేగంగా వెళ్లినా హాయిగానే ఉంటుంది. దానికి తోడు స్టార్ట్ లైన్ దగ్గర మామూలుగానే ఒంట్లో అడ్రినలిన్ ఎగదన్నుతుంది, మీకు ఆ మౌనం, ఆ తల్లి చేతిలో జెండా కూడా తోడయ్యాయి. గొంతులో దుఃఖం, ఒంట్లో హుషారు, రెంటికీ గుండె ఒకేలా కొట్టుకుంటుంది. ఏది ఏదో ఆ క్షణంలో విడదీసి చూసుకోవడం ఎవరివల్లా కాదు. నేను ఇన్నేళ్లుగా పరిగెడుతున్నా మొదటి కిలోమీటరు మాట నమ్మి ఇప్పటికీ మోసపోతూనే ఉంటాను, అదీ ఎవరి పేరూ లేని మామూలు రేసుల్లో.

ఆ తర్వాత జరిగింది లెక్క. ఒక హద్దు దాటిన వేగంలో కండరాల్లో లాక్టేట్ (గట్టిగా శ్రమపడ్డప్పుడు పుట్టే పదార్థం) తయారైనంత త్వరగా ఖర్చవదు, ఊపిరి ఎగదోస్తుంది, కాళ్లు బరువెక్కుతాయి. కాసేపు తగ్గించినంత మాత్రాన మళ్లీ మొదటికి రారు. గంటలో పూర్తి చేయాలంటే కిలోమీటరుకి 6:00 కదా, ఆ లెక్కన మొదటి రెండు కిలోమీటర్లలో మీరు మిగుల్చుకున్నది 1 నిమిషం 55 సెకన్లు. రెండో సగానికి పట్టింది 39:50, మొదటి సగం కన్నా 11 నిమిషాలు ఎక్కువ. మీ గ్రూపులో ఎవరైనా "గోడకి గుద్దుకున్నావు" అని ఉంటారు, నమ్మకండి. గోడ అనేది మారథాన్లో, సాధారణంగా 30 కిలోమీటర్లు దాటాక, ఒంట్లో గ్లైకోజెన్ (ఒళ్లు దాచుకున్న చక్కెర నిల్వ) అడుగంటినప్పుడు వచ్చేది. రోజూ తినేలా తిని వచ్చిన మనిషికి గంట పరుగులో ఆ పరిస్థితి రాదు. మీది ఉత్త తొందర.

ఏడుపు వచ్చినప్పుడు నడవడం మంచి పనే. గొంతు బిగుసుకుని ఊపిరి లయ తప్పుతుంది, దాంతో పరిగెత్తాలని చూస్తే డొక్కలో పట్టేసేది. బిబ్ మీద వాడి పేరు రాయించుకోవడం తప్పంటే మాత్రం నేను ఒప్పుకోను. వాడి పేరు పది మంది నోళ్లలో, అదీ "పరిగెత్తు" అనే మాటతో కలిపి వినపడింది కదా, ఆ పరుగు పెట్టిందే అందుకు.

ఇక టైమింగ్ ఆశ. స్మారక పరుగుల్లో అసలు పోటీయే వద్దనే పద్ధతి ఒకటుంది. కెనడా కుర్రాడు టెర్రీ ఫాక్స్ సంగతి మీకు తెలిసే ఉంటుంది, ఎముక క్యాన్సర్‌తో కుడికాలు పోయాక కృత్రిమ కాలితో 1980 ఏప్రిల్ 12న మొదలుపెట్టి, క్యాన్సర్ పరిశోధన కోసం డబ్బు పోగుచేస్తూ 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరిగెత్తాడు. జబ్బు ఊపిరితిత్తులకు పాకితే ఆపక తప్పలేదు. 1981 జూన్‌లో, 22 ఏళ్లకే పోయాడు. అదే ఏడాది సెప్టెంబరులో మొదలై అతని పేరు మీద ఇప్పటికీ జరుగుతున్న పరుగులో గెలిచేవాళ్లూ ఓడేవాళ్లూ లేరు. నడిచినా, చక్రాల కుర్చీలో వచ్చినా ఒకటే. అయితే ఆ కుర్రాడు మాత్రం రోజుకి ఇన్ని మైళ్లని లెక్క పెట్టుకుంటూనే పరిగెత్తాడు, సగటున రోజుకి 37 కిలోమీటర్ల పైమాటే. అందుకని లెక్క పెట్టుకోవడం పోయినవాళ్లకి అగౌరవమంటే నేను నమ్మను. ఏ పరుగుకి ఏది నప్పుతుందో ఆ మనిషిని బట్టి చూడాలి. మీ స్నేహితుడు షూ విప్పకముందే అమ్మకి టైమింగ్ చెప్పే రకం. అలాంటివాడి పేరు మీద టైము లెక్కపెట్టే చిప్ కట్టుకుని పరిగెత్తడం తప్పెలా అవుతుందండీ.

అబద్ధం సంగతి. ఆవిడ మీకు పరీక్ష పెట్టలేదు, ఏడాదిగా ఆ ఇంట్లో ఆదివారం పూట ఎవరూ చెప్పని ఒక అంకె కోసం అడిగారు. "అటూ ఇటూ" అని మీ స్నేహితుడు ఒక్కసారి కూడా చెప్పి ఉండడు. వెళ్లి 1:08:40 అని సెకన్లతో సహా చెప్పండి, మొదటి కిలోమీటరు 4:55లో పరిగెత్తి బోల్తాపడ్డానని కూడా చెప్పండి. ఫోన్లో వద్దు. ఫలితాల్లో మీకు రెండు టైములు కనిపిస్తే చిప్ టైమే చెప్పండి, అది మీరు స్టార్ట్ లైన్ దాటిన దగ్గర్నుంచి లెక్క, రేసు మొదలైన క్షణం నుంచి లెక్కేసే గన్ టైములో మీ ముందున్న గుంపు కదిలేదాకా నిలబడ్డ సమయం కూడా కలిసిపోతుంది.

వచ్చే ఏడాది మళ్లీ పెడితే గుంపులో వెనగ్గా నిలబడండి. మొదటి కిలోమీటరు 6:15, రెండోది 6:10, తర్వాత ఐదు 6:00 చొప్పున, చివరి మూడూ 5:50. మొత్తం 59:55. మొదటి రెండింటిలో అందరూ మిమ్మల్ని దాటిపోతుంటారు, మండుతుంది, ఓర్చుకోవాలి. పక్కవాళ్లతో ఒక చిన్న వాక్యం ఆయాసం లేకుండా చెప్పగలుగుతున్నారా లేదా అని చూసుకోండి, చెప్పలేకపోతే వేగం ఎక్కువైనట్టే.

ప్రశ్న: ఇలాంటిదే ఒక ఛారిటీ 10కెలో పరిగెత్తాను. వాచీ 10.21 కిలోమీటర్లు చూపించింది. 210 మీటర్లు ఎక్కువ పరిగెత్తించారా? నిర్వాహకులను అడిగితే వింతగా చూశారు. - మరో పాఠకురాలు

జవాబు: పద్ధతి ప్రకారం కొలిచే రేసుల్లో దారిని చక్రానికి కౌంటర్ బిగించిన సైకిల్ మీద, మలుపుల్లో అంచుకి 30 సెంటీమీటర్ల దూరంలో, అంటే ఎంత దగ్గర దారిలో వెళ్లొచ్చో అంత దగ్గర దారిలో కొలుస్తారు. పొరపాటున కూడా తగ్గకుండా కిలోమీటరుకి ఒక మీటరు చొప్పున కలుపుతారు, 10కెకి 10 మీటర్లు. మనం అలా అంచు పట్టుకుని పరిగెత్తం కదా. ఒకళ్లని దాటడానికి పక్కకి పోతాం, నీళ్ల టేబుల్ దగ్గరకి అడ్డంగా వెళ్తాం, మలుపులు వెడల్పుగా తిరుగుతాం. పైగా ఎత్తయిన భవనాల మధ్య, దట్టమైన చెట్ల కింద జీపీఎస్ కూడా తడబడుతుంది. 10.21 చాలా మామూలు విషయం.

ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. గంటలో పూర్తి చేయాలని వాచీలో కిలోమీటరుకి 6:00 చూసుకుంటూ వెళ్తే, మీ లెక్కన ఫినిష్ లైన్ చేరేసరికి 61:15 అవుతుంది. కాబట్టి వాచీలో కిలోమీటరుకి 6:00 కన్నా ఏడెనిమిది సెకన్లు వేగంగా పోవాలి. లేదా రోడ్డు పక్కన పెట్టిన కిలోమీటరు బోర్డులు చూసి చేత్తో వాచీలో ల్యాప్ బటన్ నొక్కుకోవాలి, నేనైతే ఇదే చేస్తాను.

ఇలాంటి చిన్న ఛారిటీ రేసులు చాలావరకు బండి మీటరుతోనో ఫోన్ యాప్‌తోనో కొలిచినవే అయి ఉంటాయి, నిజంగానే వంద మీటర్లు అటూ ఇటూ ఉండొచ్చు. దాన్ని మీ బెస్ట్ టైముగా రాసుకోకండి. నిర్వాహకులతో గొడవ మాత్రం వద్దు, వాళ్లలో సగం మంది తెల్లవారుజామున మూడింటికి లేచి వచ్చిన వాలంటీర్లు.