మంచం పక్కన ఆకారం... ఎత్తుకుపోతుందా?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. షిఫ్టుల్లో పని చేస్తాను. నెలకు రెండు మూడుసార్లు తెల్లవారుజామున మెలకువ వస్తుంది కానీ కాళ్లూ చేతులూ కదలవు, నోరు పెగలదు. మంచం పక్కన పొడుగు తల ఉన్న ఆకారం కనిపిస్తుంది. గ్రహాంతరవాసులు మనుషుల్ని ఎత్తుకుపోయే సినిమా ఈమధ్యే చూశాను. నిజంగా జరిగిందేనట. నాదీ అదేనా? అమ్మ దిష్టి తీస్తోంది.
- ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మీకు కలిగిన భయం నిజం, కదలలేకపోవడం నిజం. ఆకారం మాత్రం లేదు. దీన్ని స్లీప్ పెరాలసిస్ అంటాం. కలలొచ్చే నిద్రలో మెదడు ఒంటిని కట్టేసి ఉంచుతుంది. లేకపోతే కలలో పరిగెత్తినప్పుడల్లా మంచం మీంచి పడిపోతాం. ఒక్కోసారి ఆ కట్టు విడకముందే కళ్లు తెరుచుకుంటాయి. కల ఇంకా నడుస్తూనే ఉంటుంది కాబట్టి, మేకుకు వేలాడే చొక్కాకు తలా కళ్లూ మొలుస్తాయి. ఊపిరి మీద మన పట్టు లేనట్టుండి ఛాతీ బరువెక్కుతుంది. మన పెద్దవాళ్లు దయ్యం గుండెల మీద కూర్చుందనేవారు. జపాన్‌లో కనాషిబారి అంటారు. మీకు పొడుగు తల కనిపించిందంటే, ఆ తల సినిమా ఇచ్చిందే.

ఇక ‘నిజంగా జరిగింది’ అనే మాట. ఇలాంటి కథల్లో పేరుపడ్డది అమెరికాలోని న్యూహాంప్‌షైర్‌కు చెందిన బెట్టీ, బార్నీ హిల్ దంపతులది. 1961లో ఒక రాత్రి గ్రహాంతరవాసులు తమను ఎత్తుకుపోయారని 1964లో హిప్నాసిస్‌లో, అంటే మాటలతో మగతలాంటి స్థితిలోకి తీసుకెళ్లినప్పుడు, వివరంగా చెప్పారు. హిప్నాసిస్ చేసిన డాక్టర్ బెంజమిన్ సైమనే ఎత్తుకుపోయారన్నది నమ్మలేదు. బెట్టీకి వచ్చిన కలలే కథగా మారాయని ఆయన అభిప్రాయం. అయినా 1975లో టీవీ సినిమా వచ్చింది. హిప్నాసిస్ పాత క్యాసెట్ తిప్పి వినిపించడం లాంటిది కాదు, లేని జ్ఞాపకాన్ని కూడా అల్లగలదు. అందుకే ‘గుర్తు చేయిస్తాం’ అనేవాళ్ల దగ్గరకు వెళ్లకండి.

అసలు కారణం మీ షిఫ్టులే కావచ్చు. నైట్ దిగి వచ్చాక ముక్కలు ముక్కలుగా కాకుండా, కిటికీకి ముదురు కర్టెన్ వేసుకుని ఒకే విడతగా పడుకోండి. వెల్లకిలా వద్దు, పక్కకు తిరగండి. డ్యూటీ చివర్లో టీ మానేయండి. మళ్లీ అలా అయితే గింజుకోకండి, ఒక్క కాలి వేలు కదపడానికి చూడండి. సాధారణంగా కొద్ది నిమిషాల్లోపే విడిపోతుంది.

దిష్టి తీస్తే తీయనివ్వండి, నష్టం లేదు. నిద్రమాత్రలు మాత్రం సొంతంగా కొనొద్దు. పగలు ఆపుకోలేని నిద్ర, నవ్వినప్పుడు మోకాళ్లు వాలిపోవడం, గట్టి గురక ఉంటే న్యూరాలజిస్టుకో నిద్ర సమస్యలు చూసే డాక్టరుకో చూపించుకోండి.