బ్రోమిన్ లెక్కతో మొదలుపెట్టకండి

మీ అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం అన్నారు. క్లోరిన్‌కి 35, 37 అని రెండు ఐసోటోపులుంటే (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు) సగటు పరమాణు ద్రవ్యరాశి 36 రావాలి గానీ, పుస్తకంలో 35.5 ఎందుకుందని పట్టుబడుతున్నాడు, ఎలా చెప్పాలి అని అడిగారు. నేను ట్యూషన్లు చెబుతాను, ఈ 36 ఏటా కనిపిస్తుంది. ఇక్కడ పిల్లలు తప్పు చేసేది కెమిస్ట్రీ రాక కాదు. శాతం అంటే వాళ్లకు మార్కుల పక్కన వేసే గుర్తు మాత్రమే. 'వందలో ఇన్ని' అని బుర్రకెక్కలేదు. ఏడో తరగతిలో వదిలేసిన సంగతి ఇంటర్‌లో ఎంత మంచి లెక్చరర్ దొరికినా తిరిగి రాదు.

పోయిన దసరాకి మా అక్క కూతురు హాస్టల్ నుంచి ఊరికి వచ్చింది. మాది మణుగూరు దగ్గర పల్లె. అదీ అచ్చం ఇదే లెక్క చేసి, "పిన్నీ, బుక్కులో తప్పు పడింది" అంది. ఎందుకే అంటే నోట్సు తీసి బ్రోమిన్ లెక్క చూపించింది. 79, 81 కూడి రెండుతో భాగిస్తే 80. పుస్తకంలో 79.9. సరిపోయింది. క్లాసులో మొట్టమొదట చేయించింది అదేనట. నాకు ఒళ్లు మండింది. బ్రోమిన్‌లో ఆ రెండూ దాదాపు చెరిసగం, 50.7 శాతం, 49.3 శాతం. అందుకే తప్పుడు పద్ధతిలో చేసినా జవాబు కుదురుతుంది. ఒకసారి కుదిరాక పిల్లలు ఆ పద్ధతిని వదలమన్నా వదలరు.

సరిగ్గా అప్పుడే మా అమ్మ పాలకేంద్రానికి బయల్దేరుతోంది. మూడు లీటర్లు గేదె పాలు, లీటరు ఆవు పాలు, వేర్వేరు క్యాన్లలో. కలిపితే వెన్న తగ్గి రేటు పడిపోతుందని అమ్మ ఎప్పుడూ కలపదు. నేను పిల్లని అడిగాను: "గేదె పాలలో వెన్న 7, ఆవు పాలలో 4 అనుకో. అమ్మమ్మ రెండూ ఒకే క్యాన్‌లో పోస్తే మెషిన్ ఎంత చూపిస్తుంది?" అది ఐదున్నర అంది. అమ్మ క్యాన్ మూత బిగిస్తూనే, "ఐదున్నరేంటే, గేదెవి మూడు లీటర్లు కదా, ఆరు దాటుద్ది" అంది. పిల్ల కాసేపు అలాగే చూసి పెన్ను తీసింది. ఏడు మూళ్లు ఇరవై ఒకటి, నాలుగు కలిపితే ఇరవై అయిదు, నాలుగుతో భాగిస్తే 6.25. నేనేమీ చెప్పకముందే దాని కింద 35×3 + 37×1 = 142 అని వేసి, నాలుగుతో భాగించి 35.5 రాసుకుంది. క్లోరిన్‌లో 35 దాదాపు 75.8 శాతం, 37 దాదాపు 24.2 శాతం. అంటే ఇంచుమించు మూడుకి ఒకటి. మా అమ్మ పాల లెక్కే.

ఆ తర్వాత అది అడిగిన ప్రశ్న నాకు ఇంకా నచ్చింది. "మరి 35.5 ఉన్న పరమాణువు ఎక్కడుంటుంది?" ఎక్కడా ఉండదు. పాలు కలిసిపోతాయి, పరమాణువులు కలవవు. కేంబ్రిడ్జిలో ఆస్టన్ అనే శాస్త్రవేత్త 1919లో తయారుచేసిన, పరమాణువులను బరువును బట్టి విడదీసి చూపే మాస్ స్పెక్ట్రోగ్రాఫ్‌లోకి క్లోరిన్‌ని పంపితే 35 దగ్గరొక గీత, 37 దగ్గరొక గీత పడ్డాయి. 35.5 దగ్గర ఏమీ లేదు. ఈ పనికే ఆయనకు 1922లో నోబెల్ ఇచ్చారు. దీన్ని మన క్లాసుల్లో ఒక్క నిమిషమైనా చెప్పరు. షార్ట్‌కట్లకు మాత్రం పీరియడ్లు పీరియడ్లు ఖర్చు పెడతారు. సగటు ఇచ్చి శాతాలు అడిగే లెక్కలకు సూత్రం బట్టీ పట్టిస్తారు. అవసరమే లేదు. 35.5కి 35 అర దూరంలో ఉంది, 37 ఒకటిన్నర దూరంలో ఉంది. ఏది దగ్గరుంటే అది ఎక్కువున్నట్టు. దూరాలు 1:3 అయితే పాళ్లు 3:1. బోరాన్ 10.8 ఇచ్చినా ఇంతే, 11 ఉన్నది 80 శాతం, 10 ఉన్నది 20 శాతం.

ఇంకో మాట. ద్రవ్యరాశి సంఖ్య (ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి లెక్కపెట్టిన సంఖ్య) వేరు, అసలు ద్రవ్యరాశి వేరు. రాగికి 63ని 69.15తో, 65ని 30.85తో గుణించి, కూడి వందతో భాగిస్తే 63.62 వస్తుంది. పుస్తకంలో 63.55 ఉంటుంది. పిల్లాడు తప్పు చేయలేదు. ఆ ఐసోటోపుల అసలు ద్రవ్యరాశులు 62.93, 64.93. అవి వేస్తే 63.55 వస్తుంది. హైడ్రోజన్ 1.008లో ఆ 0.008 డ్యుటీరియం వల్ల, అంటే ద్రవ్యరాశి సంఖ్య 2 ఉన్న హైడ్రోజన్ ఐసోటోపు వల్ల, వచ్చిందనుకునేవాళ్లు చాలామంది. కాదు. మామూలు హైడ్రోజన్ పరమాణువే 1.0078 ఉంటుంది. డ్యుటీరియం ఆరున్నర వేల పరమాణువులకు ఒకటి, దాని వల్ల సగటు కదిలేది నాలుగో దశాంశ స్థానంలో.

ఆ ఆరున్నర వేలలో ఒక్కదాన్ని ఏరడానికే మా దగ్గర గోదావరి ఒడ్డున అంత పెద్ద భారజల (మామూలు హైడ్రోజన్ బదులు డ్యుటీరియం ఉన్న నీటి) కర్మాగారం కట్టారు. హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువునీ నీటినీ వేడి టవర్లలో, చల్లటి టవర్లలో మార్చి మార్చి కలుపుతూ డ్యుటీరియాన్ని నీటిలోకి చేరుస్తారు. మన అణు రియాక్టర్లలో చాలావాటికి ఆ భారజలం కావాలి. ఆ టవర్లు చూస్తూ పెరిగిన మా పిల్లలకు కూడా ఐసోటోపు అంటే ఒక మార్కు బిట్టుగానే పరిచయమవడం నాకు కడుపు రగిలిపోయే విషయం.

మీ అబ్బాయి చేత క్లోరిన్ అయ్యాక రాగి, ఆ తర్వాత బోరాన్‌ని తిరగేసి, అంటే సగటు ఇచ్చి శాతాలు అడిగి, చేయించండి. బ్రోమిన్ చివర్లో ఇవ్వండి. అదీ శాతాలు వేసే చేయమనండి.